దుప్పట్ల ఏడాది

మొంజీ తాగడు.
ముప్ఫయ్యొక్క వేసవులుగా మా ద్రాక్ష ఎండబెడుతున్నాడు,
ఒక్క చుక్క నాలిక మీద వేసుకున్నది లేదు.
పీపా మూత తీసిన రోజున గుమ్మంలో నిలబడి
గాలిని మాత్రం ఒకసారి లోపలికి పీల్చి
"బాగుంది వెనెరా" అంటాడు,
పక్కింటి పిల్ల పరీక్ష పాసయిందని విన్నవాడిలా.

మా పంతెల్లెరీయాలో చెట్టు నిలబడదు.
గాలి నిలబడనివ్వదు.
ద్రాక్షను గుంట తవ్వి అందులో పాతుకుంటాం.
మోకాలి ఎత్తు దాటదు తీగ.
కోతకు వచ్చినవాడు ఆసామైనా కూలీ అయినా
దాని ముందు నడుం వంచాల్సిందే.

ఆగస్టులో తొలి కాపు.
నల్లరాతి గోడల నడుమ, దక్షిణపు ఎండకు ఎదురుగా
గుత్తులు పరుస్తాం.
పొద్దున ఒక పక్క, మాపున ఒక పక్క,
జ్వరమొచ్చిన పిల్లను ఒత్తిగిలించినట్టు
ఒక్కో గుత్తినీ తిప్పాలి.
పచ్చన పోయి తేనెరంగు, అదీ పోయి ఇటుకరంగు.
నాలుగు తట్టలు ఒక్క తట్టవుతుంది.
మిగతా మూడూ ఎవరు తిన్నారని
చిన్నప్పుడు అమ్మనడిగితే
కందిరీగల మీదికి నెట్టేసేది.

ఆ ఏడాది పండు సగం ఎండాక
అర్ధరాత్రి ఆఫ్రికా వైపు మెరిసింది.
వాన కూడా కాదు,
ఎర్ర దుమ్ము కలుపుకుని వచ్చే తుంపర.
టార్పాలిన్లు కప్పాం. గాలి లేపేసింది.
ఒకటి గోడ దాటి కేపర్ పొదల్లో చిక్కింది.
ఇంకొకటి సముద్రం పాలు.
తడిస్తే బూజు. బూజు పడితే బ్యాంకు.
మొంజీ నా మొహం చూశాడు.
నేను లోపలికి పరిగెత్తి పెట్టె తెరిచాను.

పన్నెండు నార దుప్పట్లు.
అమ్మా, పెద్దమ్మా, ఒక గుడ్డి దీపమూ కలిసి
మూడు చలికాలాలు నా పేరు పొడి అక్షరాలు కుట్టినవి,
నేను చేసుకోని పెళ్లికి.
నలభై ఏళ్లు మడత విప్పలేదు,
ఏటా లావెండర్ మూట మార్చడం తప్ప.

"ఇవా?" అన్నాడు.
"ఆ కొస పట్టుకో."

తడిసినదాన్ని లాగి పిండడం, పొడిదాన్ని పరవడం,
మూలల్లో రాళ్లు.
తెల్లవారుజామున తుంపర కాస్త తెరిపిచ్చినప్పుడు
గోడకు జారగిలబడి అన్నాడు:
"మా అమ్మ ఎండుద్రాక్షను జ్బీబ్ అంటుంది.
మీరు ఈ పండును జిబిబ్బో అంటారు.
తీగ మీద పచ్చిగా ఉండగానే
ఎండిపోయిందని పిలుస్తారేం, పాపం?"
నాకు నవ్వొచ్చింది.
ముప్ఫై దాటకముందే నన్నూ ఊరు అలాగే పిలిచింది.

సెప్టెంబరు పండు రసం తొట్టిలో పొంగుతుంటే
ఎండినవాటి తొడిమలు గిల్లి అందులో పోశాం.
తాగాయవి, ఉబ్బాయి,
దాచుకున్నదంతా మెల్లిగా వదిలాయి.
చలికాలమంతా పీపా గొణుగుతూనే ఉంది.

నాలుగేళ్లకు మిలాన్ నుంచి వ్యాపారి వచ్చాడు.
గ్లాసు తిప్పి, ముక్కు ముంచి, కళ్లు మూసుకుని
ఆప్రికాట్ అన్నాడు, అత్తిపండు అన్నాడు, తేనె అన్నాడు.
తర్వాత కనుబొమ్మలు ముడిచాడు.
"లావెండర్... మీ తోటలో ఉందా?"

గుమ్మంలో మొంజీకి దగ్గు వచ్చింది.

"లేదు" అన్నాను.
సీసాకు రెండు యూరోలు పెంచాను.

దుప్పట్ల మీద ఇటుకరంగు మరకలు పోలేదు.
పోవాలని నేనూ గట్టిగా ఉతకలేదు.
ఒకటి నా మంచం మీద ఉంది.
ఒకటి మొంజీ కెలీబియాకు పట్టుకుపోయాడు.
వేసవి వస్తే వాళ్లమ్మ డాబా మీద
దాన్ని పరిచి కుస్కుస్ ఆరబోస్తుందట.
గింజలు చేత్తో నెరుపుతూ మధ్యలో ఆగి,
ఈ అక్షరాలు ఎవరివిరా అని
ఏటా అడుగుతుందట.